దోమకు ఒక అణా

ఆగస్టు 20వ తేదీని ప్రపంచమంతటా దోమల దినంగా పాటిస్తారని మన సభ్యుల్లో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆ తేదీ మన సికింద్రాబాదు పక్కనున్న బేగంపేటలో పుట్టిందన్న సంగతి కూడా పత్రికల్లో ఏటా ఓ మూల పడుతూనే ఉంటుంది. అయితే రోనాల్డ్ రాస్ పేరు, నోబెల్ బహుమతి పేరు చెప్పి అక్కడితో ఆపేస్తారు. ఆ పరిశోధన ఎలా సాగింది, అందులో ఎవరెవరి రక్తం, ఎవరెవరి చెమట ఉంది, అరవై డెబ్భై ఏళ్ల తరువాత మన పల్లెల్లో ఇంటింటికీ తిరిగి గోడల మీద తేదీలు వేసిపోయిన మలేరియా వర్కర్ల దాకా ఆ కథ ఎలా నడిచింది అన్నది వరుసగా చెప్పేవారు తక్కువ. నా సర్వీసులో ఎక్కువ భాగం ఒక జిల్లా మలేరియా కార్యాలయంలో గుమాస్తాగా గడిచింది కనుక, ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు ఈ విషయమే తోచింది. నేను డాక్టర్ని కాను, కాగితాలు చూసినవాణ్ణి. కాబట్టి కాగితాల వైపు నుంచే చెబుతాను.

మన పెద్దవాళ్లు దీన్ని చలిజ్వరం అనేవారు. దినం విడిచి దినం, వేళ తప్పకుండా వచ్చేది. ముందు వణుకు, నాలుగు దుప్పట్లు కప్పినా ఆగని వణుకు. తరువాత ఒళ్లు కాలిపోయే జ్వరం. ఆ పైన చెమటలు పట్టి దిగిపోయేది. మర్నాడు మనిషి లేచి తిరిగేవాడు, ఆ మర్నాడు మళ్లీ అదే వేళకు పడకేసేవాడు. ఏళ్ల తరబడి ఇలా తిన్న పిల్లలకు పొట్టలో ఎడమవైపు ప్లీహం గట్టిపడి చేతికి తగిలేది. దాన్ని 'బల్ల' అనేవారు. ఒక ఊళ్లో మలేరియా ఎంత ఉందో తెలుసుకోవడానికి పూర్వం డాక్టర్లు బడిపిల్లల్ని వరసగా నిలబెట్టి ఎందరికి బల్ల ఉందో చేత్తో నొక్కి లెక్క తీసేవారు. మైక్రోస్కోపులు లేని కాలానికి అదే సర్వే.

కారణం మాత్రం ఎవరికీ తెలియదు. ఇటలీ వాళ్లు చెడుగాలి అనుకున్నారు, 'మలేరియా' అన్న మాటకు అర్థమే అది. మన వాళ్లు నీళ్ల మీద పెట్టారు. ఏజెన్సీకి బదిలీ అయిన ఉద్యోగి నెల తిరక్కుండా జ్వరంతో దిగివస్తే 'మన్యం నీళ్లు పడలేదు' అనేవారు. ఈ మాట నా చిన్నతనంలోనూ విన్నాను, ఉద్యోగంలో చేరాక సెలవు దరఖాస్తుల్లోనూ చదివాను. నవ్వుకోవలసిన పని లేదు. లండన్లో ఉష్ణమండల వ్యాధుల పితామహుడని పేరుపొందిన సర్ పాట్రిక్ మాన్సన్ కూడా చాలాకాలం నీళ్లనే అనుమానించాడు.

మాన్సన్ సంగతి కొంచెం చెప్పాలి. ఆయన చైనాలోని అమోయ్ రేవులో డాక్టరుగా ఉండేవాడు. బోదకాలుకు కారణమైన ఫైలేరియా క్రిములు రక్తంలో ఉన్న తన తోటమాలిని, హిన్ లో అనే అతన్ని, దోమల మధ్య పడుకోబెట్టి, రక్తం తాగిన దోమల్ని కోసి చూశాడు. క్రిములు దోమ పొట్టలో చావకుండా పెరుగుతున్నాయి. ఇది 1877 నాటి మాట. మనిషి రోగపు క్రిమి ఒక పురుగులో పెరగడం లోకానికి తెలియడం అదే మొదలు. ఆ తరువాత మూడేళ్లకు, 1880 నవంబరు 6న, అల్జీరియాలో ఫ్రెంచి సైన్యపు డాక్టరు లావెరాన్ మలేరియా రోగి రక్తంలో కదిలే జీవిని చూశాడు. రక్తంలో ఉందని తేలింది గాని ఒక మనిషి నుంచి ఇంకొక మనిషికి ఎలా పోతుందన్నది తేలలేదు. మాన్సన్ ఊహ ఏమిటంటే, రోగి రక్తం తాగిన దోమ నీళ్లలో పడి చస్తుంది, ఆ నీళ్లు తాగినవాడికి జ్వరం వస్తుంది అని. సగం నిజం, సగం మన్యం నీళ్లు!

రోనాల్డ్ రాస్ 1857లో అల్మోడాలో పుట్టాడు. తండ్రి సైన్యంలో పెద్ద అధికారి. కొడుక్కి కవిత్వం, సంగీతం, లెక్కల మీద ఉన్న ఇష్టం వైద్యం మీద లేదు. తండ్రి బలవంతాన చదివి 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. 1894లో సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు మాన్సన్ ఆయనకు మైక్రోస్కోపులో మలేరియా క్రిమిని చూపించాడు. ఆ చూపుతో రాస్ జీవితం మారిపోయింది. 1895లో 19వ మద్రాసు పదాతిదళం డాక్టరుగా సికింద్రాబాదుకు వచ్చాడు.

వచ్చినవాడు మాన్సన్ చెప్పినట్టే మొదలుపెట్టాడు. దోమలు చచ్చిన నీళ్లు మనిషికి తాగించి చూశాడు. తాగినవాడు లక్ష్మణ్ అనే డోలీ మోసే కూలీ. రాస్ తన రాతల్లో 'లచ్‌మన్' అని రాసుకున్నాడు. కొద్ది రోజులకు అతనికి కాస్త జ్వరం తగిలి పోయింది, రక్తంలో మాత్రం క్రిమి కనబడలేదు. ఈనాడైతే నైతిక కమిటీ ముందు పెట్టవలసిన ప్రయోగం. ఆనాడు అడిగేవారు లేరు. లక్ష్మణ్‌కు ఆ నీళ్లలో ఏముందో ఎంతవరకు చెప్పారో గాని, శాస్త్రానికి ఒక తప్పు దారి మూసిపోవడానికి అతని కడుపు ఉపయోగపడింది.

రెండేళ్ల పాటు రాస్‌కు ఏమీ దొరకలేదు. కారణం తెలిసిన మనకు అది సులువుగానే కనిపిస్తుంది. ఇళ్లలో తేలిగ్గా దొరికే బూడిదరంగు దోమలు, చారల దోమలు పట్టి కోశాడు. మలేరియా మోసే జాతి వేరు. దోమల్లో జాతులున్నాయనీ, అందులో ఏవో కొన్ని మాత్రమే ఈ క్రిమికి ఇల్లు ఇస్తాయనీ చెప్పడానికి ఆనాడు పుస్తకం లేదు. పైగా ఆయనకు స్థిమితంగా ఒక చోట ఉండే యోగం లేదు. 1895లోనే కలరా పనికి బెంగుళూరు పంపారు. 1897లో సెలవు పెట్టి ఊటీ దగ్గర సిగూర్ ఘాట్‌లో మలేరియా వెతకబోయి తానే మలేరియా తెచ్చుకున్నాడు. ఆ ఏడు జూన్‌లో మళ్లీ సికింద్రాబాదు చేరాడు.

బేగంపేట సైనిక ఆసుపత్రిలో చూరు కింద నుంచి కాస్త వెలుతురు పడే చీకటి గది ఆయన ప్రయోగశాల. ఆగస్టు ఎండ, ఉక్క. పంకా లాగిస్తే కోసి పెట్టిన దోమలు ఎగిరిపోతాయని పంకా వద్దన్నాడు. నుదుటి చెమట, చేతి చెమట పడి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. మిగిలిన ఒక్క కంటి అద్దమూ పగిలింది. మన ఆఫీసుల్లో వేసవిలో ఫ్యాను వేస్తే వోచర్లు ఎగిరిపోతాయని ఆపుకుని కూర్చున్నవాళ్లకి ఇది బాగా అర్థమవుతుంది.

ఆగస్టు 16 ఉదయం ఆసుపత్రి అసిస్టెంటు ఒకాయన గోడ మీద వాలిన చిన్న దోమను రాస్‌కు చూపించాడు. మామూలు దోమలా గోడకు సమాంతరంగా కాక, తోక పైకి లేపి వాలి ఉంది. మలేరియా మోసే అనాఫిలిస్ దోమను ఈనాటికీ గుర్తుపట్టేది ఆ భంగిమతోనే. మా ఆఫీసు నుంచి బడులకు పంచిన బొమ్మల పటంలోనూ అదే బొమ్మ. ఆ అసిస్టెంటు ఎవరు? రాస్ తన జ్ఞాపకాల పుస్తకంలో ఆ ఉదయం జరిగిందంతా పూసగుచ్చినట్టు రాసి, అసిస్టెంటు పేరు మాత్రం మరచిపోయానని విచారం వెలిబుచ్చాడు. పేరు మరచినా ఆ సంగతి మరుగున పెట్టలేదు కనుక రాస్‌ను మెచ్చుకోవాలి. అయినా నాకు ఆ వాక్యం దగ్గర ప్రతిసారీ మనసు ఆగిపోతుంది. ఆసుపత్రి రికార్డుల్లో, జీతాల పట్టీలో, ఆ మనిషి సంతకం తప్పకుండా ఉండి ఉంటుంది కదా!

అదే సమయంలో నీళ్ల సీసాల్లో పెంచిన లార్వాల నుంచి రెక్కల మీద చుక్కలున్న గోధుమరంగు దోమలు కొన్ని పుట్టాయి. వాటిని దోమతెరలో వదిలి, రక్తంలో క్రిములున్న హుసేన్ ఖాన్ అనే రోగిని లోపల పడుకోబెట్టారు. కుట్టిన దోమ ఒక్కింటికి ఒక అణా చొప్పున అతనికి చెల్లించారు. వైద్యశాస్త్ర చరిత్రలో ఇంత చవకగా, ఇంత కచ్చితంగా లెక్కకట్టి చెల్లించిన ప్రతిఫలం ఇంకొకటి ఉన్నట్టు నాకు తెలియదు.

ఆ దోమల్ని రోజుకు కొన్ని చొప్పున కోస్తూ వచ్చాడు. ఆగస్టు 20 నాటికి మిగిలినవి ఏవో రెండు మూడు. ఆ మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో కోసిన దోమ పొట్ట గోడలో గుండ్రటి కణాలు, వాటిలో నల్లటి రేణువులు కనిపించాయి. ఆ నల్ల రేణువులు మలేరియా క్రిమికి పుట్టుమచ్చ వంటివి. మర్నాడు ఆఖరి దోమను కోస్తే అవే కణాలు ఇంకా పెద్దవై ఉన్నాయి. అంటే క్రిమి దోమలో బతికి పెరుగుతోంది. ఆ ఏడు డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ సంగతి అచ్చయింది. ఆగస్టు 20ని దోమల రోజు అని పిలుచుకున్నది మొదట రాసే.

ఇక అసలు సర్కారీ విడ్డూరం. నెల తిరిగే సరికి, సెప్టెంబరులో, బదిలీ ఉత్తర్వు వచ్చింది. రాజపుతానాలోని ఖేర్వాడాకు. అక్కడ పరిశోధనకు మలేరియా రోగులే సరిగా దొరకలేదు. 'పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా' అన్న మాట ఆనాటి ఉత్తర్వులో కూడా ఉందేమో! లండన్ నుంచి మాన్సన్ పట్టుబట్టి ఒత్తిడి చేస్తే 1898 ఆరంభంలో కలకత్తాకు మార్చారు. అక్కడ మనుషుల బదులు పక్షుల మలేరియా తీసుకుని, మహమ్మద్ బక్ష్ అనే సహాయకుడితో కలిసి, ఆ జులైలో క్రిమి దోమ లాలాజల గ్రంథులకు చేరడం చూశాడు. దోమ కుట్టినప్పుడు పిచ్చుకలకు జబ్బు అంటుకోవడమూ రుజువైంది. మనుషుల విషయంలో అదే సంగతిని అదే ఏడాది చివర ఇటలీలో గ్రాసీ బృందం తేల్చింది. ఎవరు ముందన్న దానిపై రాస్, గ్రాసీ జీవితాంతం తిట్టుకున్నారు. ఆ తగాదాలోకి మనం పోనక్కరలేదు. 1902లో నోబెల్ బహుమతి రాస్‌కు వచ్చింది.

పెన్షనర్లమైన మనకు ఇంకొక సంగతి ఆసక్తి కలిగిస్తుంది. 1899లో సర్వీసు వదిలిన రాస్‌కు తన పెన్షను చాలదన్న బాధ చివరిదాకా ఉండేది. మశూచికి టీకా కనిపెట్టిన జెన్నర్‌కు పార్లమెంటు డబ్బు మంజూరు చేసినట్టు తనకూ చేయమని బ్రిటిష్ ప్రభుత్వానికి అర్జీ పెట్టుకుంటే తోసిపుచ్చారు. 1928లో కుటుంబ పోషణ కోసమని తన కాగితాలన్నీ అమ్మకానికి పెట్టాడు. లేడీ హ్యూస్టన్ అనే ఆమె 2,000 పౌండ్లకు కొన్నది. 1932లో ఆయన పోయాడు. నోబెల్ గ్రహీత అర్జీకే ఆ గతి పడితే మన డి.ఏ. బకాయిల అర్జీల గురించి చెప్పేదేముంది?

కనుక్కోవడం అయింది, ఆచరణ సంగతి చూద్దాం. మందు అంతకుముందే ఉంది. సింకోనా చెట్టు బెరడు నుంచి 1820లో పారిస్‌లో క్వినైన్ తీశారు. 1860 దశకంలో నీలగిరుల్లో సింకోనా తోటలు వేశారు. క్వినైన్ పొట్లాలను పోస్టాఫీసుల్లో కార్డులూ కవర్లతో పాటు అమ్మేవారు. జ్వరపు మందు పోస్టుమాస్టరు ఇవ్వడం ఇప్పటి పిల్లలకు వింతగా ఉంటుంది. చేదు భరించి మింగినవాడికి చెవుల్లో గుయ్యిమనేది, జ్వరం మాత్రం దిగేది. అయితే అది రోగికి మందు గాని ఊరికి మందు కాదు.

ఊరికి మందు డి.డి.టి. రూపంలో వచ్చింది. స్విట్జర్లాండు రసాయన శాస్త్రజ్ఞుడు పాల్ ముల్లర్ 1939లో దాని పురుగులమందు గుణం కనిపెట్టాడు. 1948లో నోబెల్ బహుమతి పొందాడు. దీని కిటుకు చాలామందికి తెలియదు. గాలిలో ఎగిరే దోమను చంపడం కాదు దాని పని. రక్తం తాగిన అనాఫిలిస్ దోమ బరువెక్కి దగ్గరలోని గోడ మీద వాలి విశ్రాంతి తీసుకుంటుంది. గోడ మీద మందు ఉంటే కాళ్ల ద్వారా ఒంట్లోకి పోయి చస్తుంది. క్రిమి దోమలో ఎదిగి మళ్లీ మనిషికి ఎక్కడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ గడువు లోపల దోమ చస్తే చాలు, గొలుసు తెగిపోతుంది. బేగంపేటలో నాలుగు రోజులు, అయిదు రోజులు అని రాస్ లెక్కపెట్టుకున్న రోజులే ఇక్కడ గోడకు పూసే మందుగా మారాయన్నమాట.

స్వాతంత్ర్యం నాటికి దేశంలో ఏటా 7.5 కోట్ల మందికి మలేరియా వచ్చేదని, 8 లక్షల మంది చనిపోయేవారని అంచనా. అంటే జనాభాలో ఐదింట ఒక వంతు మంచం పట్టేవారు. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఫలితం చూసి ఉత్సాహం వచ్చి 1958లో దాని పేరు నిర్మూలన కార్యక్రమంగా మార్చారు. నియంత్రణకూ నిర్మూలనకూ మాటలో తేడా చిన్నదే. కాగితం మీద మాత్రం చాలా పెద్దది. నియంత్రణ ఎప్పటికీ చేయవలసిన పని, నిర్మూలన ఒకనాటికి ముగిసిపోయే పని. ముగిసిపోయే పనికి పర్మనెంటు పోస్టులు ఎందుకు? కాబట్టి ఈ పథకం కింద చేరిన వేలాది మంది తాత్కాలిక ఉద్యోగులయ్యారు.

10 లక్షల జనాభాకు ఒక యూనిట్. 10 వేల జనాభాకు ఒక సర్వేలెన్స్ వర్కరు, నలుగురు వర్కర్లకు ఒక ఇన్‌స్పెక్టరు. వర్కరు తన 10 వేల మందినీ పదిహేను రోజులకు ఒకసారి చూసిరావాలి. ఇంటికి అయిదుగురు చొప్పున వేసుకున్నా రెండు వేల ఇళ్లు. ఆదివారాలు పోగా రోజుకు నూట యాభై గుమ్మాలు ఎక్కి దిగాలి, మొదట్లో కాలినడకన, తరువాత సైకిలు మీద. గుమ్మంలో నిలబడి అడిగే ప్రశ్న ఒకటే: 'పోయిన పదిహేను రోజుల్లో ఇంట్లో ఎవరికైనా జ్వరం తగిలిందా? ఇప్పుడు ఎవరికైనా ఉందా? ఊరి నుంచి చుట్టాలు వచ్చారా?' ఒకటే అన్నాను గాని మూడున్నాయి! జ్వరం ఉందంటే వేలి కొసన సూదితో గుచ్చి గాజుపలక మీద రక్తం తీసి, నాలుగు క్లోరోక్విన్ మాత్రలు ఎదురుగా మింగించి, గోడ మీద స్టెన్సిలు గళ్లలో తేదీ వేసి సంతకం పెట్టి వెళ్లాలి. పలకలు లేబరేటరీకి చేరితే అక్కడ జస్వంత్ సింగ్, భట్టాచార్జీ అనే మన దేశపు శాస్త్రజ్ఞులు కనిపెట్టిన రంగు వేసి చూసేవారు. విదేశీ రంగు కొనే ఖర్చు తప్పించిన రంగు అది.

స్ప్రే జట్లది ఇంకొక కష్టం. మొదట్లో డి.డి.టి. కొట్టేవాళ్లను జనం కుర్చీ వేసి కూర్చోబెట్టారట. దోమల మాట అటుంచి, ఇంట్లో నల్లులు చచ్చాయి. కొన్నేళ్లకు నల్లులు మందుకు అలవాటుపడిపోయాయి. అప్పుడు అవే ఇళ్లవాళ్లు 'మీ తెల్లపొడి కొట్టాక నల్లులు ఎక్కువయ్యాయి, పోండి' అన్నారు. ఇంకొకటి, పండగ. స్ప్రే కొట్టిన వారానికి సంక్రాంతో ఉగాదో వస్తే ఇల్లాలు గోడలు శుభ్రంగా ఎర్రమట్టితో అలికి సున్నం వేసేది. ప్రభుత్వం వారి మందంతా మట్టి కిందికి పోయేది. ఆమెది తప్పనడానికి లేదు. తెల్లచారల గోడతో పండగ చేసుకోమంటే ఎవరు వింటారు? స్ప్రే తేదీలు పండగల పంచాంగం చూసి వేయాలని మా ఆఫీసు పాత సర్క్యులర్లలో ఉండేది. ఢిల్లీ నుంచి డ్రమ్ములు ఏ నెలలో దిగితే ఆ నెలలో కొట్టడమే జరిగేది.

అయినా ఫలితం అద్భుతం. 1965లో దేశం మొత్తం మీద నమోదైన కేసులు సుమారు ఒక లక్ష, మరణాలు లేవు. 7.5 కోట్ల నుంచి ఒక లక్షకు! దీన్ని చేసింది గొప్ప గొప్ప శాస్త్రజ్ఞులే కాదు, గుమ్మం గుమ్మం ఎక్కిన ఆ తాత్కాలిక ఉద్యోగులు కూడా.

తరువాత జరిగింది కాగితం మనుషులం బాగా అర్థం చేసుకోగలం. జబ్బు పోయిందన్న ధీమా వచ్చింది. జిల్లా తరువాత జిల్లాను 'మెయింటెనెన్స్ దశ' అని ప్రకటించి నిఘాను మామూలు వైద్యశాఖకు అప్పగించారు. అక్కడ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలే సగం వెలిసి సగం వెలవలేదు. విదేశీ సాయం తగ్గింది. 1973 తరువాత చమురు ధరలతో పాటు పురుగుమందుల ధరలు పెరిగాయి. దోమలు డి.డి.టి.కి తట్టుకోవడం నేర్చాయి. అదే 1973లో అస్సాంలో క్లోరోక్విన్‌కు లొంగని మలేరియా బయటపడింది. పట్టణాల్లో నీళ్ల తొట్లలో, బావుల్లో పెరిగే ఇంకొక జాతి దోమ సంగతి ముందు పట్టించుకోలేదు, 1971లో గాని పట్టణాలకు పథకం రాలేదు. పక్కనున్న సిలోన్‌ను చూసైనా జాగ్రత్తపడి ఉండవలసింది. అక్కడ 1963లో 17 కేసులే మిగిలాయి. నిఘా సడలించగానే 1960ల చివర లక్షల్లోకి ఎగబాకింది.

నేను 1973లో ఎల్.డి.సి.గా చేరే నాటికి పరిస్థితి అది. ప్రతి సంవత్సరం ఫిబ్రవరి ఆఖరుతో పోస్టుల గడువు తీరేది. కొనసాగింపు ఉత్తర్వులు పై నుంచి రావాలి. అవి వచ్చేదాకా ట్రెజరీ వారు బిల్లు తీసుకోరు. మార్చి జీతం ఏప్రిల్లో రావాలి గాని ఒక్కొక్క ఏడు మే దాటేది. మార్చి నుంచే జ్వరాల సీజను కనిపెట్టుకుని ఉండవలసిన మనిషి, మూడు నెలలు జీతం లేకుండా కిరాణా కొట్టులో అప్పు పెట్టి, సైకిలు టైరు సొంత డబ్బుతో వేయించుకుని ఊళ్లు తిరిగేవాడు. ఖాళీ అయిన పోస్టు నింపడానికి, 'పథకం ముగియనున్నది కదా' అన్న జవాబు వచ్చేది. లేబరేటరీలో పలకలు పేరుకుపోయాయి. రక్తం తీసిన నెలకో రెండు నెలలకో ఫలితం తెలిసి, పూర్తి చికిత్సకు వర్కరు మందు తీసుకుని వెళ్లేసరికి ఆ కూలీ కుటుంబం వలస పోయి ఉండేది. ఆలోగా అతని రక్తం తాగిన దోమలు తమ పని చేసుకుపోయాయి.

ఇంకొక మాట దాచకుండా చెప్పాలి. జనాభాలో ఏటా నూటికి పదిమంది రక్తం పరీక్షించాలని లక్ష్యం ఉండేది. లక్ష్యం నిండకపోతే మెమో. దాంతో కొందరు ఒకే వేలి నుంచి నాలుగు పలకలు తీసి నాలుగు పేర్లు రాసేవారు. ఇన్‌స్పెక్టర్లకు తెలుసు, మాకూ తెలుసు. మొత్తం బాగా కుదిరిన స్టేట్‌మెంటును ఎవరూ తిరగేసి చూడరు. తప్పు చేసినవాణ్ణి వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. కాని రోజుకు నూట యాభై గుమ్మాలు, రాని జీతం, తప్పని మెమో, ఈ మూడూ కలిపి చూస్తే ఆ పలకలు ఎందుకు అలా తయారయ్యాయో తెలుస్తుంది.

1976లో దేశంలో నమోదైన కేసులు 64.7 లక్షలు. పదకొండేళ్లలో లక్ష నుంచి అంతకు చేరింది. 1977లో సవరించిన కార్యాచరణ ప్రణాళిక అమలులోకి వచ్చింది. నిర్మూలన అన్న పేరు బోర్డుల మీద ఇంకా చాలా ఏళ్లు ఉంది గాని, పని మాత్రం నియంత్రణే అయింది. వెయ్యి మందికి ఏడాదికి 2 కేసులు దాటిన చోటే స్ప్రే చేయాలన్నారు. ఊరి బడిపంతుళ్లకు, పంచాయతీ వారికి మాత్రలిచ్చి మందుల పంపిణీ కేంద్రాలు పెట్టారు. మన సంఘంలో ఉన్న విశ్రాంత ఉపాధ్యాయులు కొందరు ఆ మాత్రల డబ్బా, ఆ రిజిస్టరు నిర్వహించినవారే. జీతం లేని ఆ పనిని వారు శ్రద్ధగా చేశారని రికార్డు చూసిన నేను సాక్ష్యం చెప్పగలను. సర్వేలెన్స్ వర్కర్లు క్రమంగా బహుళార్థ ఆరోగ్య కార్యకర్తలయ్యారు. తాత్కాలిక సర్వీసు పెన్షనుకు లెక్కలోకి తెచ్చుకోవడానికి వాళ్లు పడిన పాట్లు, సర్వీసు రిజిస్టర్లలో 'వెరిఫైడ్' ముద్ర లేని సంవత్సరాల కోసం పాత పట్టీలు వెతికిన రోజులు, వేరే వ్యాసానికి సరిపోతాయి.

మాన్సన్ తోటమాలి దగ్గర మొదలైన ఫైలేరియా కథకు కూడా మన వైపు కొస ఉంది. రాస్ సికింద్రాబాదుకు వచ్చిన 1895లోనే, జనవరి 12న, భీమవరంలో యల్లాప్రగడ సుబ్బారావు గారు పుట్టారు. ఇద్దరు అన్నదమ్ములను స్ప్రూ అనే ఉష్ణమండల వ్యాధికి పోగొట్టుకున్నారు. తనకూ ఆ జబ్బు వస్తే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో బతికారు. అమెరికా వెళ్లి హార్వర్డులో చదివింది ఉష్ణమండల వైద్యమే. లెడర్లీ కంపెనీలో ఆయన నాయకత్వాన 1947లో వెలువడిన హెట్రజాన్ మందు ఫైలేరియాకు మొదటి మంచి మందు. మరుసటి ఏడు ఆగస్టులోనే ఆయన కన్నుమూశారు. 2004 నుంచి దేశమంతటా ఏటా ఇంటింటికీ తెచ్చి మింగించిన బోదకాలు మాత్రల్లో ముఖ్యమైనది అదే. బోదకాళ్లు విపరీతంగా ఉండే గోదావరి డెల్టాలో పుట్టినాయన, తిరిగి ఆ ఊరు రాకుండానే, ఆ ఊరికి మందు పంపాడు. మాత్ర చేత్తో పట్టుకున్న చాలామందికి ఆ సంగతి తెలియదు. మాత్ర అట్ట మీద ఆయన పేరు ఉండదు కదా.

మలేరియా లెక్క ఇప్పుడు మళ్లీ బాగా దిగింది. 2015లో దేశంలో 11.69 లక్షల కేసులు నమోదు కాగా 2023లో సుమారు 2.27 లక్షలు నమోదయ్యాయి. మందు పట్టించిన దోమతెరలు, అప్పటికప్పుడు ఫలితం చెప్పే పరీక్ష పట్టీలు వచ్చాయి. చైనా శాస్త్రజ్ఞురాలు తు యూయూ కనిపెట్టిన ఆర్టిమిసినిన్ మందులు వచ్చాయి, దానికి 2015లో నోబెల్ కూడా వచ్చింది. ఉన్న కేసుల్లో పెద్ద వాటా అడవి ప్రాంతాలది. మన వైపున ఏజెన్సీది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో మొదటి మలేరియా టీకాను ఆమోదించింది. దాని తయారీ పరిజ్ఞానాన్ని హైదరాబాదు జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్‌కు అందించే ఒప్పందం అదే ఏడు కుదిరింది. ఆఫ్రికా పిల్లలకు పనికివచ్చే టీకా పరిజ్ఞానం బేగంపేటకు గంట ప్రయాణంలో ఉన్న సంస్థ చేతికి రావడం నాకు సంతోషం కలిగించే విషయం.

రాస్ పనిచేసిన బేగంపేట భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధీనంలో, పాత విమానాశ్రయం సమీపాన ఉంది. హైదరాబాదు వెళ్లే సభ్యులు మనవల్ని తీసుకుని వెళ్లి చూడవచ్చు. నల్లకుంట ఫీవరాసుపత్రికీ రాస్ పేరే ఉంది గాని పాతబస్తీ వాళ్లు దాన్ని ఇప్పటికీ కోరంటి దవాఖానా అంటారు, క్వారంటైన్ అన్న ఇంగ్లీషు మాట జనం నోట నలిగి అలా అయింది.

చివరగా ఒక విన్నపం. పాత మలేరియా యూనిట్ల రికార్డు చాలాచోట్ల కాలపరిమితి తీరిందని తగలబెట్టేశారు. మన సభ్యుల వద్ద గాని, కీర్తిశేషులైన సభ్యుల ఇళ్లలో గాని, 1958 నుంచి 1977 వరకు సర్వేలెన్స్ వర్కర్ల టూర్ డైరీలు, పర్యటన షెడ్యూళ్లు, గోడ మీద వేసే స్టెన్సిలు రేకులు, గ్రూపు ఫోటోలు ఉంటే వాటిని సంఘం గ్రంథాలయానికి ఇవ్వండి, లేదా జెరాక్సు తీయించి పంపండి. ఫోటో వెనుక పేర్లు ఉంటే మరీ మంచిది. లేకపోతే గుర్తున్నవారు ఎడమ నుంచి కుడికి వరసగా రాసి పంపవలసిందిగా కోరుతున్నాను.